తెల్లకోటు తొడిగేవారందరూ డాక్టర్లేనా?

పదో తరగతి గట్టెక్కబోతున్న మిత్రులారా! వేసవి సెలవులు రాగానే మీ ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. "ఎంపీసీయా, బైపీసీయా?" అన్నది మొదటి ప్రశ్న. బైపీసీ అన్నవాళ్ళకు రెండో మాట వెంటనే సిద్ధంగా ఉంటుంది: "అయితే డాక్టరు అవుతావన్నమాట!" అవుతానంటే మేనమామలు భుజం తడతారు. ఏమో తెలియదంటే "మరి బైపీసీ దేనికి?" అని పెదవి విరుస్తారు. ఆ "దేనికి" అన్న ప్రశ్నకు జవాబు చాలా పెద్దది. అది తెలియక ఏటేటా ఎంతోమంది పిల్లలు రెండు మూడేళ్ళ కాలాన్నీ, తల్లిదండ్రులు కూడబెట్టిన డబ్బునూ పోగొట్టుకుంటున్నారు. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ముందుగా ఒక జ్వరం వెంట నడుద్దాం రండి.

మాది అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. లక్కబొమ్మల ఊరంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వానాకాలంలో ఒక బొమ్మల పనివాడు అంకుడు కర్ర కోసం మన్యం వైపు వెళ్ళి వచ్చాడనుకోండి. పది పదిహేను రోజులకు చలీ, వణుకూ, జ్వరం. ఆ ఇంటికి మొదట వచ్చేది ఎవరు? ఆశా కార్యకర్త. వేలికొసన పొడిచి, ఒక్క చుక్క రక్తం తీసి పరీక్ష పట్టీమీద వేస్తుంది. తరువాత ఏ.ఎన్.ఎం. వస్తుంది, ఊళ్ళో అందరూ నర్సమ్మ అని పిలిచేది ఈమెనే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో బి.ఎస్సీ. నర్సింగు చదివిన ఆరోగ్య అధికారి ఉంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లాబ్ టెక్నీషియను రక్తాన్ని గాజుపలకమీద పరిచి చూస్తాడు. డాక్టరు మందు రాస్తారు. ఫార్మసిస్టు ఇస్తాడు. జబ్బు ముదిరితే 108 బండి వస్తుంది. ఈ సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయింది. ఆ బండిలో డ్రైవరు పక్కన ఉండేది అత్యవసర వైద్య టెక్నీషియను. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి చేరితే అక్కడ స్టాఫ్ నర్సులు, ఎక్స్‌రే తీసేవారు, రక్తనిధిలో పనిచేసేవారు ఉంటారు. ఈలోగా ఊళ్ళో మలేరియా సిబ్బంది నీటి తొట్లలో దోమపిల్లలను వెతుకుతుంటారు.

లెక్కపెట్టండి. పదిమందికి పైగా తేలతారు. వారిలో ఎం.బి.బి.ఎస్. చదివినవారు ఇద్దరో ముగ్గురో! మిగిలినవారిలో ఏ ఒక్కరు పొరపాటు చేసినా ఆ ఇద్దరి చదువూ రోగికి అక్కరకు రాదు.

గాజుపలక దగ్గర కాసేపు ఆగుదాం. నాకు ఈ పని అంటే ప్రత్యేకమైన అభిమానం, అది దాచుకోను. ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 7 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరులో నూట నలభై కణాలు వరసగా పడతాయి. మలేరియా క్రిమి అందులో దాక్కుంటుంది. మీ స్కూలు సూక్ష్మదర్శినిలో అది కనబడదు. నూరురెట్ల వస్తుకటకానికీ, పలకకూ మధ్య నూనెచుక్క వేసి, పదిరెట్ల అక్షికటకంతో చూస్తే వెయ్యిరెట్లు పెద్దదవుతుంది. నూనె ఎందుకు? గాజునుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతికిరణం వంగిపోతుందని పదో తరగతిలో వక్రీభవన పాఠంలో చదివారుగా! నూనె వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా ఉంటుంది గనుక కిరణాలు పక్కకు పోకుండా కటకంలోకి చేరతాయి.

టెక్నీషియను ఒకే పలకమీద రెండు పూతలు వేస్తాడు. మందపు పూతలో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. పలుచని పూతలో ఏ జాతిదో తెలుస్తుంది. ఈ తేడా ప్రాణంతో సమానం. ఫాల్సిపారం జాతి మెదడుకు ఎక్కి చంపగలదు. వైవాక్స్ జాతి కాలేయంలో నిద్రపోయి నెలల తరువాత మళ్ళీ లేస్తుంది. దానికి వేరే మందు పద్నాలుగు రోజులు వాడాలి. "క్రిమి లేదు" అని రాసేముందు కనీసం వంద చోట్ల వెతకాలి. తొంభై తొమ్మిది చోట్ల ఏమీ కనబడకపోయినా నూరోచోట అదే శ్రద్ధతో చూడగలవారే ఈ పనికి తగినవారు. మీ తరగతిలో అలాంటివాడు ఒకడుంటాడు. ఎక్కువ మాట్లాడడు, కానీ చిత్రపటంలో ఒక చిన్న గీత తప్పిపోయినా పట్టేస్తాడు. వాణ్ణి ఎవరూ "లాబ్ టెక్నీషియను అవుతావా?" అని అడగరు.

ఈ మలేరియా క్రిమి కథలో పెద్ద మలుపు మన తెలుగునేలమీదే తిరిగింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపును చీల్చి చూసి, అందులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి తనను దోమలచేత కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మనకు కావలసిన సంగతి వేరే ఉంది. రాస్ వైద్యం చదవాలని కోరుకోలేదు. రచయిత కావాలన్నది అతని కోరిక. తండ్రి సైన్యంలో జనరలు. ఆయన పట్టుపట్టి వైద్యకళాశాలలో చేర్పించాడు. ఉద్యోగంలో చేరాక కూడా చాలా ఏళ్ళు రాస్ మనసు కవిత్వంమీద, గణితంమీదనే ఉండేది. మందు రాయడంలో దొరకని ఉత్సాహం సూక్ష్మదర్శినిలో దొరికింది.

చూశారుగా, "తండ్రి మాట విన్నాడు కాబట్టి గొప్పవాడయ్యాడు" అని మీ నాన్నగారు అనవచ్చు. నిజమే. కానీ ఆ వైద్యవృత్తిలోనే తనకు నచ్చిన మూల ఏదో వెతుక్కున్నాక గదా అతని పేరు లోకానికి తెలిసింది!

తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయండి. నేను బైపీసీకి పనికిరానా?" పనికిరాకపోవడమేమిటమ్మా! అది పిరికితనం కాదు. రక్తం చూడగానే కొందరిలో గుండె వేగం తగ్గి, రక్తనాళాలు వదులై, రక్తపీడనం ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్ళు తిరుగుతాయి. అలా అనిపించినప్పుడు చేతుల, కాళ్ళ కండరాలను కొన్ని సెకన్లపాటు గట్టిగా బిగిస్తే పీడనం కాస్త పెరిగి పడిపోకుండా ఉంటారు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటే చాలామందిలో ఇది తగ్గిపోతుంది. తగ్గకపోయినా, రక్తం కంటబడకుండా రోగికి మేలుచేసే పనులు ఎన్నో ఉన్నాయి. ఒక్క ఇబ్బందిని పట్టుకుని ఇంత పెద్ద తోటకు తలుపు వేసుకోకండి.

నర్సు పనిని తీసుకుందాం. "నర్సా? సూదిమందు పొడవడమేగా" అని తేలిగ్గా అనేవాళ్ళను ఒక లెక్క చెయ్యమనండి. 500 మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటల్లో ఎక్కించాలి. గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు రాలతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? మొత్తం పదివేల చుక్కలు; 240 నిమిషాలు; అంటే సుమారు 42. నర్సు గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి ఆ మీటను సరిచేస్తుంది. రాత్రి రెండు గంటలకు, ముప్ఫైమంది రోగుల వార్డులో, పక్కమంచంమీద ఎవరో ఏడుస్తుండగా! ముసలివారికో, గుండెజబ్బు ఉన్నవారికో ఈ చుక్కలు మరీ వేగంగా పడితే నీరు ఊపిరితిత్తులలోకి చేరి ఆయాసం వస్తుంది. డాక్టరు రోగిని రోజుకు కొద్ది నిమిషాలు చూస్తాడు. రోగి మొహంలో మార్పును ముందుగా పసిగట్టేది రాత్రంతా అక్కడ ఉన్న నర్సే.

ఇక ఫార్మసిస్టు. మందులషాపులో డబ్బాలు అందించే మనిషి అనుకుంటున్నారా? పది కిలోల బిడ్డకు జ్వరం. డాక్టరు పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు ఇమ్మన్నారు. సిరపు సీసాలు రెండు రకాలు: ఒకదానిలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకొకదానిలో 250. మొదటి దానిలో 6 మిల్లీలీటర్లు పొయ్యాలి, రెండోదానిలో 3. సీసా మారి కొలత మారకపోతే? రోజుకు నాలుగుసార్లు రెట్టింపు మందు పడుతుంది. అది బిడ్డ కాలేయానికి ప్రమాదం. ఇది మీరు ఇంట్లో చేసి చూడవలసిన లెక్క కాదు సుమా. ఆ బల్లవెనక నిలబడినవారి తలలో ఏ లెక్క ఉండాలో చెప్పడానికే రాశాను.

మా ఊరి బొమ్మల చెట్టుతోనే ఇంకొక ఫార్మసీ పాఠం చెబుతాను. అంకుడు చెట్టు గన్నేరు కుటుంబానిది. గిల్లితే పాలు కారతాయి. దానికి చుట్టమైన కొడిశపాల కూడా అలాగే ఉంటుంది, పూలూ తెలుపే. కొడిశపాల పట్టను పూర్వంనుంచి జిగట విరేచనాలకు మందుగా వాడతారు. అందులో కొనెస్సీన్ అనే ఆల్కలాయిడు ఉంది. అంకుడులో ఆ గుణం లేదు. ఎండబెట్టి పొడికొట్టాక రెండింటి పట్టలూ ఒకటిలాగే ఉంటాయి గనుక బజారులో ఒకటి బదులు ఇంకొకటి కలిసిపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఏది ఏదో తేల్చడానికి సూక్ష్మదర్శిని, రసాయన పరీక్షలు కావాలి. చెట్టూ, సీసా, రసాయనం మూడూ ఇష్టమైనవారికి ఫార్మసీలో ఇలాంటి పని జీవితమంతా ఉంటుంది. దీనికి రక్తం చూడనక్కరలేదు. ఎంపీసీ చదివినవారు కూడా బి.ఫార్మసీలో చేరవచ్చునన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

మందు కనిపెట్టేవారి మాట వచ్చింది కాబట్టి ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేం. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడో ప్రయత్నంలో గాని పాసవలేదు. (పరీక్ష పోయిన వాళ్ళు ఈ వాక్యాన్ని ఇంకొకసారి చదువుకోవచ్చు.) అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా వచ్చింది. 1923లో అమెరికాలో బోస్టను చేరారు. అక్కడ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసే అర్హత లేక, రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి చదువుకున్నారు. తరువాత ఆయన స్టెతస్కోపు వైపు వెళ్ళలేదు, జీవరసాయన శాస్త్రం వైపు వెళ్ళారు. కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి కనుక్కున్నారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన నడిపిన పరిశోధక బృందాలనుంచి ఫోలిక్ ఆసిడ్ తయారీ, బోదకాలు వ్యాధికి మందు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం వచ్చాయి. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సరును మొదటిసారి, కొంతకాలం పాటైనా, లొంగదీశారు. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఫోలిక్ ఆసిడ్ మందుగా పనిచేసింది. 1948లో ఆయన చనిపోయారు. బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఆయన బృందం ఇచ్చినదే. ఆయన ఎన్ని నాడులు పట్టి చూశారో గాని, ఆయన మందు మింగినవారు కోట్లలో ఉన్నారు.

ఇప్పుడు మా ఊరికి దగ్గరైన మాట. ఇక్కడి పిల్లలు చాలామంది లేతు ముందు పెరిగినవాళ్ళు. తిరిగే కర్రమీద ఉలి ఆనించి, వేలితో తడిమి, వెంట్రుకవాసి తేడా చెబుతారు. తిరుగుడు రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టడం, మొగలి ఆకుతో మెరుగు పెట్టడం చిన్నప్పటినుంచి చూస్తున్నారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కృత్రిమ రంగులు మాని మొక్కల రంగులను తిరిగి తెచ్చినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చంటిబిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మ రంగులో సీసం ఉండకూడదు కదా, అదీ ఆరోగ్యరక్షణే! ఇలాంటి చేతులున్న పిల్లలకు వైద్యరంగంలో చోటు లేదని ఎవరన్నారు?

జైపూరు కాలి సంగతి వినండి. జైపూరు సవాయ్ మాన్ సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ. అదే ఊళ్ళో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు ఉండేవాడు, ఎక్కువ చదువుకోలేదు. విదేశీ నమూనా కృత్రిమ పాదానికి బూటు తొడగాలి, దానితో బాసిపట్టు వేసుకుని కూర్చోలేరు, పొలంలో దిగలేరు. రోగులు వాటిని మూలపడేస్తున్నారని శర్మ గమనించాడు. వీళ్ళిద్దరూ కలిసి 1960ల చివర రబ్బరు, చెక్కలతో వంగే పాదాన్ని తయారుచేశారు. రబ్బరును ఉడికించడానికి టైర్లు బాగుచేసే షాపు పద్ధతినే వాడుకున్నారు. సేఠీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. డాక్టరు చదువూ, పనివాడి చెయ్యీ కలిస్తేనే ఆ కాలు నడిచింది.

ఈ పని ఇప్పుడు ఒక డిగ్రీ చదువు: ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్. ఇందులో కష్టమైన భాగం పాదం కాదు, తెగిన కాలు కూర్చునే తొడుగు. పీడనం అంటే బలం బై వైశాల్యం. 50 కిలోల మనిషి బరువు సుమారు 500 న్యూటన్లు. తొడుగు 100 చదరపు సెంటీమీటర్లమీద సమంగా ఆనితే ఒక్కొక్కదానిమీద పడేది 5 న్యూటన్లు. తొడుగు సరిగా లేక ఎముక మొనదగ్గర 5 చదరపు సెంటీమీటర్లమీదే ఆనితే 100 న్యూటన్లు, అంటే ఇరవై రెట్లు. చర్మం పుండవుతుంది; చక్కెరజబ్బు ఉన్నవాడికి ఆ పుండు మానదు. అందుకే ప్లాస్టరుతో అచ్చు తీసి, ఎక్కడ కొంచెం గీకాలో, ఎక్కడ కొంచెం నింపాలో వేలితో నిర్ణయిస్తారు. ఉలి పట్టిన వేలికి ఇది కొత్త భాష కాదు. కట్టుడు పళ్ళు తయారుచేసే డెంటల్ మెకానిక్కు పని కూడా ఇలాంటిదే.

మిగతావి త్వరగా చెబుతాను. ఎక్స్‌రే, స్కానింగులు భౌతికశాస్త్రం ఇష్టమైనవారికి. కిరణం పుట్టేచోటునుంచి రెట్టింపు దూరం జరిగితే తగిలే మోతాదు నాలుగోవంతు అవుతుంది. ఫిజియోథెరపీకి తులాదండాల పాఠం, దానికి మించి ఓర్పూ కావాలి. డయాలిసిస్ టెక్నీషియను దగ్గర మీ వ్యాపన పాఠం ప్రాణం పోసుకుంటుంది: నిమిషానికి అరలీటరు చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల శుద్ధద్రవం రోగి రక్తం పక్కనుంచి పారుతుంది. ఆ నీటిలో క్లోరమీన్ మిగిలిపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి. కిడ్నీజబ్బులతో బాధపడుతున్న శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో ఈ టెక్నీషియన్లు ఎంత అవసరమో వేరే చెప్పాలా! కళ్ళకు సంబంధించి ఆప్టోమెట్రీ ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెటూళ్ళ కేంద్రాలకు ఆ చుట్టుపక్కల యువతీయువకులనే ఎంచుకుని ఒక సంవత్సరం శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెడుతోంది.

ఇక దారులు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్ళు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్పు. దంతవైద్యం అయిదేళ్ళు. వీటికి నీట్ రాయాలి. 720 మార్కుల్లో సగం జీవశాస్త్రానివి. 2025లో దేశం మొత్తంమీద 22 లక్షలకు పైగా రాశారు, ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా ఇరవై వేల చుట్టూ ఉన్నాయి. దాదాపు పద్దెనిమిది మందికి ఒకటి. రాయవద్దనడం లేదు, రాయండి. కానీ రాకపోతే ఏమిటన్నది ఇంటర్ మొదటి రోజునే ఇంట్లో మాట్లాడుకోండి. ఒకసారి లాంగ్ టర్ము కోచింగుకు వెళ్ళడం అర్థమవుతుంది. మూడోసారి, నాలుగోసారి వెళ్ళేముందు పిల్లవాడి మొహం చూసి నిర్ణయించమని తల్లిదండ్రులకు నా మనవి.

బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఫార్మసీ నాలుగు, డి.ఫార్మసీ రెండు, ఫార్మ్.డి. ఆరు. పదో తరగతి కాగానే త్వరగా సంపాదించవలసిన ఇళ్ళవారికి ఒకేషనల్ ఇంటర్‌లో మెడికల్ లాబ్ టెక్నీషియను కోర్సు ఉంది. అందులో చేరేముందు ఒక మాట అడిగి తెలుసుకోండి: తరువాత డిగ్రీ చదువులకు పోవాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా రాయాలి. ఆ సంగతి ఆలస్యంగా తెలిసి ఏడాది పోగొట్టుకున్నవారు ఉన్నారు.

అంతకన్న పెద్ద గొయ్యి గుర్తింపు లేని సంస్థలు. బస్సు స్టాండు గోడలమీద "ఆరు నెలల్లో నర్సింగు" అని కాగితాలు అంటించి ఉంటాయి. ఆ సర్టిఫికెట్టుతో రిజిస్ట్రేషను రాదు. రిజిస్ట్రేషను లేకపోతే ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు కూడా చేయలేరు. నర్సింగుకు ఇండియన్ నర్సింగు కౌన్సిలు, రాష్ట్ర కౌన్సిలు. ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. కృత్రిమ అవయవాల చదువుకు రిహాబిలిటేషను కౌన్సిలు గుర్తింపు ఉందో లేదో చూడాలి. లాబ్, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ, డయాలిసిస్ వంటి వాటికి 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి జాతీయ కమిషను ఏర్పరచింది. ఫీజు కట్టేముందు ఆ జాబితాలో కాలేజీ పేరు కళ్ళారా చూడండి. చూపించమంటే విసుక్కునే కాలేజీ గుమ్మం దిగి వచ్చేయండి.

ఈ వేసవిలో ఒక పని చెయ్యండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారి అనుమతి తీసుకుని, ఇంట్లో పెద్దవారితో కలిసి, ఒక్కొక్కరి దగ్గర పావుగంట గడపండి. ముగ్గురినైనా ఈ మూడు ప్రశ్నలు అడగండి: మీరు ఏం చదివారు? ఈ పనిలో రోజూ విసుగు పుట్టించేది ఏమిటి? ఇంటికి ఎన్నింటికి వెళతారు? రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులను నోటుబుక్కులో రాసుకుని ఇంటికి వచ్చాక చదువుకోండి. ఏ విసుగును మీరు భరించగలరో అక్కడ తెలుస్తుంది. ఉదయంపూట మాత్రం వెళ్ళకండి. అప్పుడు రోగులు వరసలో ఉంటారు, ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళితే లాబ్‌లో ఆయన పలకలు కడుక్కుంటూ ఉంటాడు. అడిగితే, సూక్ష్మదర్శినిలో ఒక పాత పలక పెట్టి చూపించినా చూపించవచ్చు.